పూర్ణాంకాల భాగహారం: డేటా సాఫ్ట్‌వేర్‌లో దశాంశం ఎక్కడ పోతుంది

2011 జనగణన ప్రకారం ఒడిశాలోని రాయగడ జిల్లా జనాభా 9,67,911. విస్తీర్ణం 7,073 చదరపు కిలోమీటర్లు. జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 136.85 మంది వస్తారు, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 137. ఈ రెండు అంకెలనూ పూర్ణాంక రకపు కాలమ్‌లలో పెట్టి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో భాగింపజేస్తే మాత్రం 136 అనే జవాబు వస్తుంది. అదే క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌కు ఇస్తే 136.8459 అంటుంది. ఎక్సెల్‌లో గడి వెడల్పును బట్టి ఇంకా ఎక్కువ దశాంశ స్థానాలు కనిపిస్తాయి. మూడు చోట్లా వాడినది భాగహారానికి గుర్తైన ఒకే ఏటవాలు గీత (/), ఇచ్చినవి అవే రెండు సంఖ్యలు. ఏ ఒక్కటీ హెచ్చరిక చూపదు, ఎర్రగీత గీయదు.

పక్క జిల్లాలకు కూడా ఇదే లెక్క కడితే అసలు విషయం బయటపడుతుంది. గజపతి జిల్లాకు 5,77,817ను 4,325తో భాగిస్తే 133.60, కోరాపుట్‌కు 13,79,647ను 8,807తో భాగిస్తే 156.65, మల్కన్‌గిరికి 6,13,192ను 5,791తో భాగిస్తే 105.89 వస్తాయి. పూర్ణాంక భాగహారం వీటిని వరుసగా 133, 156, 105 చేస్తుంది. మూడూ ఉండాల్సిన దానికంటే ఒకటి తక్కువ. గంజాం జిల్లా ఒక్కటే 430.05 కావడం వల్ల 430గా సరిగ్గా తేలుతుంది. ఈ తప్పులన్నీ ఒకే దిక్కుకు ఒరుగుతాయన్నది గమనించాల్సిన సంగతి. సవరించేటప్పుడు వచ్చే తేడాలు కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి మొత్తం మీద ఒకదాన్నొకటి కొంతవరకు రద్దు చేసుకుంటాయి. దశాంశాన్ని కోసిపారేసినప్పుడు వచ్చే తేడాలకు ఆ అవకాశం లేదు. శేషాలు అటూ ఇటూ సమానంగా చెదిరి ఉన్నాయనుకుంటే ఒక్కో వరుసకు సగటున దాదాపు అర యూనిట్ పోతుంది. వెయ్యి గ్రామాలున్న పట్టికలో ప్రతి గ్రామానికీ ఇలా భాగించి, ఆ ఫలితాలను కూడితే, మొత్తంలో 500 దగ్గర లోటు కనిపించడం వింతేమీ కాదు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వంటి ఊళ్లలోని తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది లెక్కల పనిలోనో, నివేదికల తయారీలోనో, విశాఖ, హైదరాబాదుల్లోని సాఫ్ట్‌వేర్ కొలువుల్లోనో కుదురుకుంటున్నారు. సరిహద్దు కావడంతో ఇక్కడి పనికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఒడిశా వైపు పట్టికనూ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం తరచుగా వస్తుంది. ఒకటి ఒక సాఫ్ట్‌వేర్‌లో, రెండోది మరో దానిలో తయారై ఉంటే, పోల్చే ముందే రెండింటి భాగహారం ఒకే పద్ధతిలో జరిగిందో లేదో చూడాలి. ఈ చూపు సాధారణంగా ఎవరూ పెట్టరు, ఎందుకంటే భాగహారం కూడా తేడాగా ఉండగలదన్న అనుమానమే రాదు.

భాగహారం అనేది నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు. ఏడులో రెండు ఎన్నిసార్లు పడుతుంది అన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు మూడు, మిగిలింది ఒకటి. ఏడు రెండుకు ఎన్ని రెట్లు అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మూడున్నర. బడిలో ముందు భాగఫలం, శేషం నేర్పి, దశాంశాలు పై తరగతుల్లో నేర్పుతారు కాబట్టి ఏ ప్రశ్న అడుగుతున్నారో పిల్లలకు తరగతిని బట్టే తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు అటువంటి ఆధారం లేదు. అది అడిగినవారి ఉద్దేశాన్ని చూడదు, సంఖ్యల డేటా రకాన్ని చూస్తుంది. రెండూ పూర్ణాంకాలైతే ఏం చేయాలన్నది ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ముందే నిర్ణయించి ఉంటారు. పట్టికను మొదట తయారుచేసిన మనిషి జనాభా కాలమ్‌ను పూర్ణాంకంగా ప్రకటించాడా, దశాంశంగా ప్రకటించాడా అన్న పాత సంగతి, ఏళ్ల తర్వాత ఎవరో రాసే క్వెరీ జవాబును నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటు లోపభూయిష్ఠమనే చెప్పాలి. లెక్క రాసేవారి చేతిలో ఉండాల్సిన నిర్ణయం పట్టిక కట్టినవారి చేతిలోకి పోయింది.

డేటాబేస్‌లకు క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్ భాషకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది కదా, మరి ఈ తేడాలెందుకు అనిపించవచ్చు. ఖచ్చిత సంఖ్యలను భాగించినప్పుడు ఫలితంలో ఎన్ని దశాంశ స్థానాలుండాలన్నది ప్రమాణం తేల్చలేదు. ఆ నిర్ణయాన్ని ఒక్కో డేటాబేస్‌కు వదిలేసింది. దాంతో ఎవరి దారి వారిదైంది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్, అమెజాన్ రెడ్‌షిఫ్ట్ పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే ఇస్తాయి. ఒరాకిల్‌లో సంఖ్యలు సాధారణంగా దశాంశాన్ని మోయగల ఒకే రకానివి కాబట్టి అక్కడ దశాంశం నిలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ భాజ్యంలోని దశాంశ స్థానాలకు మరో నాలుగు చేర్చి ఇస్తుంది. పూర్ణాంకమే కావాలంటే డివ్ అనే వేరే ఆపరేటర్ ఉంది. ఈ నాలుగు స్థానాలతో ఒక చిన్న ఇబ్బంది ఉంది: ఒకటిని 30,000తో భాగిస్తే తెర మీద 0.0000 అని కనిపిస్తుంది. అరుదైన రోగాల రేట్ల వంటి చిన్న నిష్పత్తులను చూసేవారికి ఇది పూర్ణాంక భాగహారం ఇచ్చే సున్నాకంటే పెద్ద మెరుగేమీ కాదు. గూగుల్ బిగ్‌క్వెరీ రెండు పూర్ణాంకాలను భాగించినా ఫ్లోట్ రకపు (దశాంశాన్ని ఉజ్జాయింపుగా దాచే) సంఖ్యనే ఇస్తుంది. స్నోఫ్లేక్‌లో కనీసం ఆరు దశాంశ స్థానాలు వస్తాయి.

పెద్ద డేటా మీద క్వెరీలు నడిపే హైవ్, ట్రినోల జంటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైవ్‌లో ఏటవాలు గీత దశాంశంతో సహా జవాబిస్తుంది. హైవ్ పట్టికల మీదే వేగంగా క్వెరీలు నడపడానికి ఫేస్‌బుక్‌లో 2012లో మొదలై, 2013లో బయటికి విడుదలైన ప్రెస్టో మాత్రం పూర్ణాంకాలను భాగిస్తే దశాంశాన్ని కోసేస్తుంది. దాని నుంచి వచ్చిన ట్రినోదీ, అమెజాన్ అథీనాదీ అదే పద్ధతి. అంటే ఒకే గోదాములో ఉన్న అవే ఫైళ్లను, అక్షరం మార్చని క్వెరీతో, రెండు ఇంజన్ల ద్వారా చదివితే రెండు జవాబులు వస్తాయి. ఇక్కడ డేటా మారలేదు, క్వెరీ మారలేదు. తప్పు ఎక్కడుందో వెతికే మనిషికి ఈ రెండు చోట్లా ఏమీ దొరకదు.

డక్‌డీబీ ఇంకో దారి పట్టింది. మొదట్లో పోస్ట్‌గ్రెస్‌లాగే నడిచిన ఈ డేటాబేస్ 2023లో వచ్చిన 0.8 వెర్షన్‌తో ఒంటి గీతకు (/) దశాంశ భాగహారాన్ని, జంట గీతకు (//) పూర్ణాంక భాగహారాన్ని కేటాయించింది. పాత పద్ధతే కావాలనుకునేవారికి ఒక సెట్టింగ్ కూడా ఉంచింది. ఈ జంట గీత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన అలవాటు. పైథాన్ కూడా తొలినాళ్లలో 7ను 2తో భాగిస్తే 3 అనేది. రెండు ప్రశ్నలకు రెండు గుర్తులు ఉండాలన్న ప్రతిపాదన 2001లో వచ్చి, అదే ఏడాది 2.2 వెర్షన్‌లో జంట గీత చేరింది. 2008లో వెలువడిన పైథాన్ 3 నుంచి ఒంటి గీత అంటే దశాంశ భాగహారమేనని స్థిరపడింది. చూసినవాటిలో ఇదే సరైన పరిష్కారం. రాసినవారి ఉద్దేశం రాతలోనే కనిపిస్తుంది, కాలమ్ రకాన్ని వెనక్కి వెళ్లి వెతకనక్కరలేదు.

నిష్పత్తులూ శాతాలూ కట్టేటప్పుడు ఈ విషయం మరీ ముదురుతుంది. రాయగడలో 2011లో పురుషులు 4,71,960 మంది, స్త్రీలు 4,95,951 మంది. వెయ్యిమంది పురుషులకు ఎందరు స్త్రీలన్నది లెక్క. స్త్రీల సంఖ్యను పురుషుల సంఖ్యతో భాగించి వెయ్యితో గుణించడం సహజంగా తోచే వరుస. పూర్ణాంక భాగహారంలో మొదటి అడుగు 1 ఇస్తుంది, వెయ్యితో గుణిస్తే 1000 అవుతుంది. ఈ 1000 చూడడానికి ఎంత నమ్మకంగా ఉంటుందంటే, స్త్రీ పురుషులు సరిసమానంగా ఉన్న జిల్లా అని నివేదికలో రాసేయవచ్చు. అసలు విలువ 1050.83, స్త్రీలే ఎక్కువగా ఉన్న జిల్లా అది. అదే క్వెరీ గంజాం దగ్గరికి వచ్చేసరికి, అక్కడ నిష్పత్తి 983 కాబట్టి, మొదటి అడుగులోనే సున్నా అయిపోయి చివరికి సున్నాగానే మిగులుతుంది. గంజాంలో వచ్చిన సున్నాను ఎవరైనా పట్టుకుంటారు. ప్రమాదమంతా రాయగడలో వచ్చిన 1000తోనే.

ముందు వెయ్యితో గుణించి తర్వాత భాగిస్తే రాయగడకు 1050 వస్తుంది. చివరి దశాంశం పోయినా అర్థం నిలుస్తుంది. అనుభవజ్ఞులు చాలామంది ఈ చిట్కానే చెబుతారు, జిల్లా స్థాయిలో ఇది పనిచేస్తుంది కూడా. మొత్తం ఒడిశాకు ఇదే కడితే వేరే గోడ అడ్డొస్తుంది. రాష్ట్రంలో 2011లో స్త్రీలు 2,07,62,082 మంది. వెయ్యితో గుణిస్తే 20,76,20,82,000. నాలుగు బైట్ల పూర్ణాంకం మోయగల గరిష్ఠ విలువ 2,14,74,83,647 మాత్రమే. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇక్కడ ఓవర్‌ఫ్లో అని చెప్పి ఆగిపోతాయి, అది మేలే. పైథాన్‌లో నంపై లైబ్రరీ వాడి 32 బిట్ల వరుసలతో లెక్క కడితే అది ఆగదు. విలువ చుట్టు తిరిగి ఏదో అంకె దగ్గర తేలుతుంది. భాగహారంలో పోయే దశాంశాన్ని కాపాడబోయి గుణకారంలో మొత్తం సంఖ్యనే పోగొట్టుకున్నట్టవుతుంది.

అందువల్ల లవాన్నో హారాన్నో భాగించే ముందే దశాంశ రకానికి మార్చడం మేలు. 1000కి బదులు 1000.0 అని రాసి ముందు గుణించినా చాలా డేటాబేస్‌లలో సరిపోతుంది. భాగించిన తర్వాత మార్చితే ఉపయోగం లేదు. అప్పటికే పోయిన దశాంశం తిరిగి రాదు, 136 కాస్తా 136.0 అవుతుందంతే. కొత్తవారు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. మొత్తం భాగహారాన్ని కుండలీకరణాల్లో పెట్టి దాని బయట రకం మార్చి, జవాబు ఎందుకు మారలేదని తలపట్టుకుంటారు.

లెక్కింపు ఫలితాల మీద భాగహారం కూడా ఇదే కోవకు చెందుతుంది. ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించే కౌంట్ ఎప్పుడూ పూర్ణాంకాన్నే ఇస్తుంది కనుక, అక్షరాస్యుల వరుసల లెక్కను మొత్తం వరుసల లెక్కతో భాగించే క్వెరీ పోస్ట్‌గ్రెస్‌లో సున్నానో ఒకటో తప్ప మరొకటి ఇవ్వలేదు. సగటు విషయంలో డేటాబేస్‌లు మళ్లీ చీలిపోతాయి. పోస్ట్‌గ్రెస్ పూర్ణాంకాల సగటును దశాంశంగా ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ పూర్ణాంకాల సగటును పూర్ణాంకంగానే ఇస్తుంది. 4, 5, 5 మంది ఉన్న మూడు ఇళ్లకు సగటు కుటుంబ పరిమాణం అడిగితే 4 అంటుంది. భాగహారపు గుర్తు క్వెరీలో ఎక్కడా కనిపించదు కాబట్టి దీన్ని పట్టుకోవడం మరింత కష్టం.

దశాంశాన్ని కోసేయడం ఎప్పుడూ తప్పేనన్న భావన కలిగితే అదీ సరికాదు. కావాలని ఆ కోత మీద ఆధారపడే లెక్కలు ఎన్నో ఉన్నాయి. పిన్‌కోడ్‌లో తొలి మూడు అంకెలు తపాలా శాఖ సార్టింగ్ జిల్లాను సూచిస్తాయి. రాయగడ 765001, గుణుపురం 765022. వెయ్యితో భాగించి దశాంశాన్ని వదిలేస్తే రెండూ 765 అవుతాయి, ఆ 765 మీద గుంపులు కట్టి ఉత్తరాలనో లబ్ధిదారులనో లెక్కించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఈ క్వెరీని బిగ్‌క్వెరీకి తరలిస్తే 765.001, 765.022 అనే వేర్వేరు విలువలు వచ్చి, ప్రతి పిన్‌కోడూ తనకు తానే ఒక గుంపవుతుంది. మొత్తం కూడికలో తేడా ఉండదు కాబట్టి మొత్తం చూసి సరిపెట్టుకునేవారికి ఇది దొరకదు. వయసును పదితో భాగించి పదేళ్ల వర్గాలు చేయడం, సెకన్లను గంటలుగా విడగొట్టడం, పేజీల సంఖ్య తేల్చడం ఇలాంటివే. బడి పిల్లలకు ఇచ్చే గుడ్లను 30 పట్టే అట్టల్లో తెప్పించాలంటే పైకి సవరించిన భాగఫలం కావాలి. 47 గుడ్లకు ఒక అట్ట చాలదు. పూర్ణాంక భాగహారంతోనే దాన్ని సాధించడానికి భాజ్యానికి 29 కలిపి 30తో భాగించే పాత కిటుకు ఉంది: 76ను 30తో భాగిస్తే 2.

ధన సంఖ్యలతో ఉన్నంతవరకు కోసేయడం, కిందికి దించడం ఒకటే. ఋణ సంఖ్యల దగ్గర ఈ రెండూ విడిపోతాయి. మైనస్ 7ను 2తో భాగిస్తే మైనస్ 3.5, సున్నా వైపు కోస్తే మైనస్ 3, కిందికి దించితే మైనస్ 4. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, జావా, సీ భాషలు మొదటి దారి పట్టాయి. పైథాన్ జంట గీత, ఆర్ భాషలోని పూర్ణాంక భాగహారం రెండో దారిలో ఉన్నాయి. శేషం కూడా దీన్ని అనుసరిస్తుంది: మొదటి గుంపులో మైనస్ 1, రెండో గుంపులో 1. భాజకాన్ని భాగఫలంతో గుణించి శేషం కలిపితే భాజ్యం రావాలన్న బడి సూత్రం రెండింటిలోనూ నిలుస్తుంది కనుక ఏదీ తప్పు కాదు.

సున్నా వైపు కోసే పద్ధతికి మూలం పాతది. ప్లస్, మైనస్ గుర్తును పక్కనపెట్టి పరిమాణాలను భాగించి, చివర ఆ గుర్తు తగిలించడం యంత్రానికి సులువు. 1957 నాటి ఫోర్ట్రాన్ అలాగే చేసింది. సీ భాష 1989 ప్రమాణం ఋణ సంఖ్యల విషయాన్ని కంపైలర్లకే (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లకే) వదిలేసి, 1999 ప్రమాణంలో ఫోర్ట్రాన్ దారికి వచ్చింది. కిందికి దించే పద్ధతికి ఉన్న బలం వేరు: సంఖ్యారేఖ మీద ఏ చోటైనా గుంపుల వెడల్పు ఒకేలా ఉంటుంది. కాలాన్ని లెక్కించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గ్రీన్విచ్ సమయం ప్రకారం గడిచిన సెకన్లుగా దాచుకుంటాయి; అంతకు ముందు కాలమంతా ఋణ సంఖ్యే. సెకన్లను 86,400తో భాగిస్తే రోజు సంఖ్య వస్తుంది. 1969 డిసెంబరు 31 ఉదయం ఆరు గంటలంటే మైనస్ 64,800. సున్నా వైపు కోస్తే సున్నా, అంటే 1970 జనవరి 1. కిందికి దించితే మైనస్ 1, అంటే డిసెంబరు 31, సరైన రోజు. కోసే పద్ధతిలో సున్నా నంబరు రోజులోకి మైనస్ 86,399 నుంచి ప్లస్ 86,399 దాకా దాదాపు రెండు రోజుల సెకన్లు వచ్చి చేరతాయి, దానికి ముందరి తేదీలన్నీ సరిగ్గా అర్ధరాత్రివి తప్ప ఒక రోజు ముందుకు జరుగుతాయి. వృద్ధాప్య పింఛన్ల జాబితాల్లో ఉండేవారిలో అత్యధికులు 1970కి ముందు పుట్టినవారే. పుట్టినరోజు తెలియని పాతతరం వారికి జనవరి 1 అనో జులై 1 అనో రాసుకునే అలవాటు కూడా తోడైతే మరో మెలిక పడుతుంది. 1970 జనవరి 1 భారతీయ అర్ధరాత్రి గ్రీన్విచ్ లెక్కలో మైనస్ 19,800 సెకన్లు. కోసే పద్ధతి దాన్ని జనవరి 1గానే చూపిస్తుంది, కానీ అది యాదృచ్ఛికం. కాలమండలాన్ని సరిదిద్దకుండా భాగించిన తప్పును మరో తప్పు కప్పిపెట్టింది.

ఎక్సెల్ ఈ విషయంలో తనతో తానే ఏకీభవించదు. క్వోషెంట్ ఫంక్షన్‌కు మైనస్ 7, 2 ఇస్తే మైనస్ 3 అంటుంది. మాడ్ ఫంక్షన్ శేషం 1 అంటుంది. రెండును మైనస్ 3తో గుణించి 1 కలిపితే మైనస్ 5 వస్తుంది కానీ మైనస్ 7 రాదు. ఇంట్ ఫంక్షన్ కిందికి దించుతుంది కాబట్టి మాడ్‌కు సరైన జోడీ అదే. అదే ఫైలులో మాక్రో రాస్తే దాని భాషలోని మాడ్ మైనస్ 1 ఇస్తుంది. భాగఫలం, శేషం రెండూ కలిపి వాడే లెక్కల్లో, ఋణ సంఖ్యలు వచ్చే అవకాశం ఉంటే, ఈ జోడీలను చూసుకోకుండా ఎక్సెల్‌ను నమ్మకూడదు.

పెద్ద డేటాను పలు యంత్రాలకు పంచేటప్పుడు కూడా శేషం గుర్తు అడ్డుతగులుతుంది. ఒక్కో వరుసకు హాష్ విలువ (వరుసలోని సమాచారం నుంచి లెక్కగట్టిన ఒక సంఖ్య) కట్టి, యంత్రాల సంఖ్యతో భాగించి, శేషాన్ని బట్టి ఏ యంత్రానికి పంపాలో నిర్ణయిస్తారు. హాష్ ఋణ సంఖ్యైతే జావాలో శేషమూ ఋణమే. మైనస్ మూడో నంబరు యంత్రమంటూ ఉండదు. ఇలా పలు యంత్రాల మీద డేటాను నడిపే స్పార్క్ తన లోపలి కోడ్‌లో ఇందుకోసమే శేషాన్ని ఋణం కాకుండా సరిచేసే చిన్న ఫంక్షన్ పెట్టుకుంది. జావాకు కిందికి దించే భాగహారం, శేషం ఫంక్షన్లు 8వ వెర్షన్‌లో వచ్చాయి.

సున్నాతో భాగహారం గురించి చెప్పాల్సింది కొంచెమే అయినా ముఖ్యమైనది. జనగణన గ్రామాల జాబితాలో జనం లేని గ్రామాలు కూడా ఉంటాయి. ఇంటికి ఎందరన్న లెక్కలో అక్కడ హారం సున్నా. పోస్ట్‌గ్రెస్, బిగ్‌క్వెరీ అటువంటి ఒక్క వరుస ఎదురైనా క్వెరీ మొత్తాన్ని ఆపేస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో చదివే క్వెరీలకూ, ఎస్‌క్యూలైట్‌లోనూ ఖాళీ విలువ వస్తుంది. పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ సున్నాను సున్నాతో భాగిస్తే సంఖ్య కాదని, ఇతర సంఖ్యనైతే అనంతమని గుర్తు పెడుతుంది. ఖాళీ విలువను సగటు పట్టించుకోకుండా దాటేస్తుంది. ఒక్క అనంతం చేరినా సగటు అనంతమవుతుంది. హారం సున్నా అయితే ఖాళీగా మార్చే నల్ఇఫ్ ఫంక్షన్‌ను భాజకం చుట్టూ పెట్టడం ఎస్‌క్యూఎల్‌లో ఎక్కువగా వాడే మార్గం. బిగ్‌క్వెరీలో అందుకు సేఫ్ డివైడ్ అనే ఫంక్షనే ఉంది.

పాండాస్‌లో ఇంకో విశేషం కనిపిస్తుంది. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ప్రత్యేకంగా చెప్పకపోతే, కాలమ్ మొత్తం ఫ్లోట్ రకానికి మారిపోతుంది. పిన్‌కోడ్‌లు 765001.0 అని అచ్చయ్యే నివేదికలకు కారణం ఇదే. ఫ్లోట్‌కు మారడం చిన్న సంఖ్యలకు హాని చేయదు. 9,00,71,99,25,47,40,992 దాటిన పూర్ణాంకాలను మాత్రం ఫ్లోట్ ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోలేదు. ఆ పై సంఖ్యకు ఒకటి కలిపి, ఒకటితో దశాంశ భాగహారం చేస్తే పైథాన్‌లో కలిపిన ఆ ఒకటి మాయమవుతుంది. జంట గీతతో భాగిస్తే నిలుస్తుంది. అంటే దశాంశ భాగహారమే సురక్షితమన్న సలహాకూ హద్దుంది.

డబ్బు పంచేటప్పుడు భాగఫలం, శేషం రెండూ కలిసి ఉండాలి. పన్నెండుమంది ఉన్న స్వయం సహాయక సంఘానికి 10,000 రూపాయలు వస్తే దశాంశ భాగహారం ఒక్కొక్కరికి 833.33 అంటుంది, పన్నెండుతో గుణించి చూస్తే 9,999.96 మాత్రమే అవుతుంది, నాలుగు పైసల తేడా లెక్కలో ఎక్కడా తేలదు. పూర్ణాంక భాగహారం 833 భాగఫలం, 4 శేషం అని విడివిడిగా చెబుతుంది. నలుగురికి 834, ఎనిమిదిమందికి 833 ఇస్తే పైసాతో సహా సరిపోతుంది. ఆ నలుగురు ఎవరన్నది సంఘం తేల్చుకోవాల్సిన విషయం. సాఫ్ట్‌వేర్ చేయాల్సింది సభ్యుల వరుసను ముందే స్థిరపరచి, ప్రతిసారీ అదే క్రమంలో పంచడం. వరుస స్థిరంగా లేకపోతే క్వెరీ నడిపిన ప్రతిసారీ వేరే నలుగురికి ఆ రూపాయి పోవచ్చు, నిన్నటి పట్టిక నేటి పట్టికతో కలవదు.

దశాంశంతో లెక్క కట్టి చివర పూర్ణాంకంగా చూపించాలన్నా జాగ్రత్త అవసరం. 136.8459ను పూర్ణాంక రకానికి మార్చమంటే పోస్ట్‌గ్రెస్ 137 చేస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 136 చేస్తుంది. అందుకే రకం మార్పుకు బదులు సవరణ ఫంక్షన్ పేరుపెట్టి రాయడం మంచిది. ధన సంఖ్యలతో పూర్ణాంకాల్లోనే ఉండిపోవాలంటే భాజ్యానికి భాజకంలో సగం కలిపి భాగించవచ్చు: 9,67,911కు 3,536 కలిపి 7,073తో భాగిస్తే 137 వస్తుంది.

ఒక డేటాబేస్ నుంచి మరొకదానికి పని తరలించే ముందు నాలుగు వరుసల చిన్న పట్టిక కట్టి నడిపితే చాలా సంగతులు తేలిపోతాయి: 7 బై 2, మైనస్ 7 బై 2, మైనస్ 7ను 2తో భాగించగా వచ్చే శేషం, 7 బై 0. వీటిని అంకెలుగా క్వెరీలో రాయకుండా, అసలు పట్టికలో వాడిన రకంతోనే కాలమ్‌లు కట్టి అందులో పెట్టాలి; కొన్ని ఇంజన్లలో క్వెరీలో నేరుగా రాసిన అంకెకు ఇచ్చే రకం, కాలమ్‌కు ఉన్న రకం ఒకటి కాకపోవచ్చు. పాత చోట, కొత్త చోట వచ్చిన నాలుగు జవాబులూ ఒకటే అయితే మిగతా క్వెరీల మీదికి వెళ్లవచ్చు. ఒకటి కాకపోతే, భాగహారపు గీత ఉన్న ప్రతి క్వెరీనీ, సగటు అడిగిన ప్రతి క్వెరీనీ తెరిచి చదవాల్సిందే.